మహారాజశ్రీ పేకకట్ట వారికి

విజయనగరం,
ఆదివారం రాత్రి.

మహారాజశ్రీ పేకకట్ట వారి సముఖానికి,

ఉభయకుశలోపరి. నలుగురు రాజులు కొలువున్న కట్టవి కదా, మొదటినుంచి చివరిదాకా 'మీరు' అనే రాద్దామనుకున్నాను. తీరా చూస్తే మీ ఆటీను రాజుకి మీసం లేదు. మిగతా ముగ్గురికీ ఉంది, ఆయనొక్కడికే లేదు. కోట ఉన్న ఊళ్లో పుట్టిన నాకు మీసం లేని రాజుని 'మీరు' అనడానికి నోరు రాలేదు. అందుకని ఇక్కణ్నుంచి 'నువ్వు'.

నలభై రెండేళ్లొచ్చాక నాకు మ్యాజిక్ పిచ్చి పట్టడానికి కారణం పెద్దదేమీ కాదు. ఆఫీసులో ఒక రిటైర్మెంట్ ఫంక్షన్లో ఎవరో గుప్పిట్లో రుమాలు మాయం చేశాడు. పదిహేనేళ్లుగా నన్ను పలకరించని వాళ్లంతా అతని చుట్టూ మూగారు. మర్నాడే గంటస్తంభం దగ్గర ఫ్యాన్సీ షాపుకి వెళ్లి నిన్ను అడిగాను.

"రెండు కట్టలా బాబూ?" అన్నాడు షాపతను.

"ఒకటి చాలు."

"ఒక్క కట్టతో ఏటాడతారు? పండక్కింకా టైముంది కదా!"

"ఆటకి కాదండీ, మ్యాజిక్‌కి."

"అవునవును" అని నవ్వి, నిన్ను నల్ల కవర్లో చుట్టి ఇచ్చాడు. ఆ నల్ల కవరే నా మీద పడిన మొదటి మచ్చ.

ఇంట్లో అమ్మ ఆ కవరు విప్పి చూసి మంచం మీద కూలబడింది. "మీ పెద్దతాత కూడా ఒక్క కట్టతోనే మొదలెట్టినాడు నాయినా" అంది. మా పెద్దతాత రెండెకరాల మామిడితోట నీ పూర్వీకుల చేతిలో పెట్టిన మనిషి. న్యాయంగా చూస్తే మా వంశంలో మొదటి మెజీషియన్ ఆయనే. కాకపోతే మాయం చేసినదాన్ని మళ్లీ తెచ్చి చూపించడం దగ్గరే ఆయన విద్య ఆగిపోయింది. మెజీషియన్ పి.సి. సర్కార్ 1956లో బీబీసీ టీవీలో ఒకమ్మాయిని రంపంతో కోస్తే, నిజంగానే చచ్చిపోయిందేమోనని జనం కంగారుపడి ఫోన్లు చేశారట. నేను ఉత్త పేక కోసినందుకే మా అమ్మ కళ్లొత్తుకుంది.

నా అసలు ఫిర్యాదు ఇదే. నేను నీ దగ్గరికి రాకముందే నువ్వు ఊళ్లో పేరు చెడగొట్టుకుని కూర్చున్నావు. జిల్లా పేజీలో 'పేకాట శిబిరంపై దాడి' అని పడే ఫొటో చూస్తుంటాను. వెనకాల తలలు దించుకున్న మనుషులు, ముందు టేబుల్ మీద నోట్లు, పక్కన విసనకర్రలా పరిచిన నువ్వు. నెల్లాళ్లు అద్దం ముందు నిలబడి చేసినా నాకు పట్టుబడని విసనకర్ర, పోలీసుల చేతిలో ఎంత చక్కగా పరుచుకుంటావే!

నేర్చుకునేవాళ్లకి చెప్పే మొదటి పాఠాల్లో డబుల్ లిఫ్ట్ ఒకటి. పైముక్క ఒక్కటే తిప్పుతున్నట్టు కనిపిస్తూ రెండు కలిపి తిప్పాలి. వినడానికి ఎంత సులువు! సముద్రం గాలి తగిలే ఊరు, ఉక్కపోత, అరచేతిలో చెమట. ఒకసారి ఒకటే వస్తుంది, ఒకసారి నాలుగు అతుక్కుని వస్తాయి. రెండు రావాలని నేను అనుకున్నప్పుడు మాత్రం ఎప్పుడూ రెండు రాలేదు. ముఖానికి రాసుకునే పౌడరు నీకూ రాశాను. ఉండలు కట్టి మొటిమలొచ్చినట్టు తయారయ్యావు.

చేతివాటం అక్కర్లేని ట్రిక్కులున్నాయి కదా అని లెక్కల వైపు తిరిగాను. ఇరవయ్యొక్క ముక్కలు మూడు వరుసలుగా పంచడం, మనిషి తలుచుకున్న ముక్క ఉన్న వరుసని మిగతా రెంటి మధ్య పెట్టి మళ్లీ పంచడం, అలా మూడుసార్లు. చివరికి ఆ ముక్క పదకొండో చోట ఉండి తీరుతుంది. మా అమ్మాయికి చూపించాను. "మళ్లీ చెయ్యి నాన్నా" అంది. ఒకసారి చేసిన ట్రిక్కు అదే మనిషికి మళ్లీ చెయ్యకూడదన్నది ఈ విద్యలో పెద్ద నియమం. కానీ పిల్ల అడిగింది కదా! ఏ ట్రిక్కైనా మూడుసార్లు చూస్తే పట్టేస్తానని హుడినీ అనే అమెరికా మెజీషియన్ చెప్పుకునేవాడు. 1922లో చికాగోలో డై వెర్నన్ అనే మరో మెజీషియన్ ఆయనకి ఒకే ముక్కాట పదేపదే చేసి చూపించినా పట్టుకోలేకపోయాడు. ఆరో తరగతి చదివే మా అమ్మాయికి రెండోసారే చాలింది. "ఎప్పుడూ పదకొండో ముక్కే తీస్తున్నావేటి నాన్నా?" అనేసి టీవీ పెట్టుకుంది.

ఇక ఈ రోజు సంగతి. మా మేనమామ ఎస్.కోట నుంచి వచ్చాడు. డెబ్బయ్యేళ్ల మనిషి, యాభయ్యేళ్ల రమ్మీ అనుభవం. ఆయన ముందు నిన్ను బయటికి తియ్యడమే నా మతిలేనితనం. మెల్లిగా అడుగుముక్క చూసి పెట్టుకున్నాను, కళావరు ఏడు. ఆయన ఒక ముక్క తీసి చూసుకుని కట్ట మీద పెట్టాలి. నేను పేక కోసి కలిపేస్తే కళావరు ఏడు వెళ్లి సరిగ్గా దాని మీద కూర్చుంటుంది. ఎన్నిసార్లు కోసినా వరుస గుండ్రంగా తిరుగుతుందే తప్ప చెదరదు, కాబట్టి ఏడు పక్కనే ఆయన ముక్క దొరుకుతుంది. ఇక్కడిదాకా అంతా సవ్యంగానే జరిగింది.

"ఉండల్లుడా, కలపనీ" అని ఆయన నిన్ను లాక్కున్నాడు.

ట్రిక్కులు నేర్పేవాళ్లు రాసే పాఠాల్లో చూసేవాడు ఎప్పుడూ బుద్ధిమంతుడే. తియ్యమంటే తీస్తాడు, పెట్టమంటే పెడతాడు, నోరు తెరుచుకుని ఆశ్చర్యపోతాడు. మా వైపు మనిషి చేతికి పేక వస్తే కలపకుండా ఎందుకిస్తాడు? అవతలివాడు ఏదో ఒకటి చేస్తాడన్న అనుమానంతోనే ఆయన నీతో యాభయ్యేళ్లు కాపురం చేశాడు. టేబుల్ మీద రెండు సగాలు పెట్టి, బొటనవేళ్లతో బర్రున జారుస్తూ కలిపాడు. నేను లెక్కపెట్టాను, ఏడుసార్లు. యాభై రెండు ముక్కల వరుస బాగా చెదరాలంటే అలా ఏడుసార్లు కలపాలని 1992లో డేవ్ బేయర్, పెర్సీ డయాకోనిస్ అనే ఇద్దరు లెక్క కట్టి చూపించారు. ఆ డయాకోనిస్ చిన్నతనంలో ఇల్లొదిలి ఆ డై వెర్నన్ వెంట మ్యాజిక్ చేస్తూ తిరిగి, తరవాత లెక్కల ప్రొఫెసరయ్యాడు. మా మామ ఎవరి వెంటా తిరగలేదు. ఏడు ఎక్కడ నేర్చుకున్నాడో గానీ, నీకుండే వరుసల సంఖ్య అరవై ఎనిమిది అంకెల పొడుగు, అందులో ఏదో ఒక మూలకి నన్ను విసిరేశాడు.

కళావరు ఏడు పక్క ముక్క తిప్పాను. కాదన్నాడు. ఇటుపక్కది తిప్పాను. కాదన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. మామ లేచి నా గుండెల మీద మెల్లిగా తట్టి, "బాగానే సేసినావల్లుడా, ఇంకా సెయ్యి" అని, పకోడీలు రెండు నోట్లో వేసుకుని బస్సు కోసం కాంప్లెక్సుకి వెళ్లిపోయాడు.

రాత్రి నిన్ను పెట్టెలో సర్దుతూ లెక్కపెడితే యాభై ఒకటి. మంచం కింద వెతికాను, పరుపెత్తి చూశాను. అంతలో పెరట్లోంచి మా ఆవిడ గొంతు, "ఏటండీ ఇది?" బకెట్లో సర్ఫు నీళ్లలో నానబెట్టిన నా చొక్కా జేబులోంచి డైమను రాణిని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుంది. పక్కన అమ్మ. జేబులో దాచిన ముక్కంటే ఏమిటో అమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. మళ్లీ మంచం మీద కూలబడింది.

మామకి ఫోన్ చేశాను. "నువ్వు తీసిన ముక్కేటి మామా?" అంటే, "డైమను రాణి. అగుపడీసిందేటి?" అన్నాడు. ఇంట్లో వాళ్లకి అదొక్క మాట చెప్పు మామా అని బతిమాలాను. సిగ్నల్ లేదంటూ పెట్టేశాడు.

యాభై ఒకటి బీరువాలో, ఒకటి గోడ మీద ఆరుతూ, ఇదీ ఇప్పుడు నీ పరిస్థితి. వచ్చే ఆదివారం ఆయన మళ్లీ వస్తానన్నాడు. నేను బనియన్‌తోనే కూర్చుంటాను, దానికి జేబు లేదు.

ఇట్లు,
నిన్ను నల్ల కవర్లో తెచ్చినవాడు