నిద్రపోని ఎర్రదీపం గారికి

మహారాజశ్రీ సెట్‌టాప్ బాక్సు ఎర్రదీపం గారి దివ్యసముఖమునకు,

పర్లాకిమిడి నుంచి మీ బిల్లు కట్టేవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అసలు మీ కుశలం అడగక్కర్లేదు. రాత్రి రెండింటికి మంచినీళ్లకు లేచినా కన్నెర్రజేసుకుని మెలకువగానే ఉంటారు.

మాది లెక్క తెలిసిన ఇల్లే. గదిలో మనిషి లేకుండా ఫ్యాను తిరిగితే "ఎవర్రా అక్కడ, గోడలకి ఉక్కపోస్తోందా?" అని మామ్మ వీధి చివరిదాకా వినబడేలా అరుస్తుంది. నాన్న సెల్ ఛార్జర్లన్నీ పీకి దాచి మరీ పడుకుంటాడు. పాపం ఆ ఛార్జర్లు! ఫోను తగిలించకపోతే వాటులో చిన్న ముక్కకి మించి తినవు. దొరికినవాడే దొంగ. మీరు మాత్రం టీవీ పక్కన పెద్దమనిషిలా కూర్చుంటారు. రిమోట్ నొక్కగానే పచ్చదీపం పోయి మీరొస్తారు. ఎరుపంటే ఆగిందని రోడ్డు మీద నేర్చుకున్నాం. మీ దగ్గర మాత్రం ఆగేది బొమ్మ ఒక్కటే. సిగ్నల్ పట్టే సరంజామా అంతా లోపల నడుస్తూనే ఉంటుంది.

మీమీద అనుమానం తెప్పించింది మీ కింద కాపురముంటున్న బల్లి. ఇంట్లో ఇన్ని మూలలుండగా జనవరి చలిలో అది మీ పొట్ట కిందే ఎందుకు పడుకుంటోందని చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉన్నారు. మా డబ్బుతో.

ఒక రాత్రి ఫ్రిజ్‌తో సహా అన్నీ కట్టేసి, మిమ్మల్ని ఒక్కరినే వదిలి, వాచీ పట్టుకుని వరండాలో మీటరు ముందు కూర్చున్నాను. మా మీటరు మీద 3200 అని రాసుంది. అందులోని చిన్న దీపం అన్నిసార్లు మిణుక్కుమంటే ఒక యూనిట్ అయినట్టు. గంటలో ఇంచుమించు 26 మిణుకులు లెక్కపెట్టాను. అంటే 8 వాట్లు. చీకట్లో నన్ను చూసి ఎదురింటి ఒడియా ఆయన గేటు దాకా వచ్చి "లైన్ గలా కి?" అని అడిగాడు. పోలేదు బాబూ, ఎక్కడికి పోతోందో చూస్తున్నా అన్నాను.

మేం టీవీ చూసేది రోజుకు 3 గంటలు. మిగతా 21 గంటలూ మీ ఏలుబడే. ఏడాదికి 61 యూనిట్లు! వంటింట్లో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రోజూ 5 గంటలు వెలిగినా ఏడాదికి 16 యూనిట్లు, చిల్లర. దాని వెలుగులో పప్పు మాడకుండా చూసుకుంటాం. మీ వెలుగులో మీరు తప్ప ఏమీ కనిపించదు.

అటు కొరాపుట్ జిల్లాలో మాచ్‌ఖండ్ కరెంటు కేంద్రం ఉంది. 1955లో మొదలైంది. ఆంధ్రా, ఒడిశా ఉమ్మడి ఆస్తి. రెండు ప్రభుత్వాలు కూడా వాటాలు రాసుకునే కరెంటు పంచుకుంటాయి. తమరు ఏ కాగితం మీద సంతకం పెట్టారో కాస్త సెలవియ్యండి.

గోడ దగ్గరే కట్టెయ్యొచ్చుగా అంటారేమో. ఆ స్విచ్ బీరువా వెనక ఉంది. బీరువాను జరపొచ్చు, మామ్మను జరపలేం. కట్టేస్తే మళ్లీ లేచేసరికి సిగ్నల్ వెతుక్కుంటూ మీరు గింగిరాలు తిరుగుతారు, ఈలోగా సీరియల్లో కోడలు ఏడవడం మొదలైపోతుంది. పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను అతలాకుతలం చేశాక, కరెంటు తిరిగొచ్చిన రాత్రి మా ఇంట్లో మొదట వెలిగింది మీరే. మామ్మ మీకు దండం పెట్టింది. దేవుడి గదిలో మీ అన్నగారు, జీరో బల్బు, అప్పటికే ఆ గౌరవం అనుభవిస్తున్నారు. పేరుకే జీరో, తినేది 15 వాట్ల దాకా. అంత వినయం మీ వంశంలోనే ఉంది.

పోయిన వారం ఎక్స్‌టెన్షన్ బాక్సు కొన్నాను, స్విచ్ చేతికందేలా. సీరియల్‌కి అయిదు నిమిషాల ముందే వేస్తానని మామ్మకు మాటిచ్చాను. పదిన్నరకు టక్కున కట్టేశాను. అర్ధరాత్రి దభీమని చప్పుడు. ఇన్నాళ్లూ మామ్మ బాత్రూంకి మిమ్మల్ని చూసుకునే దారి పట్టేదని, తలుపుకి గుద్దుకున్నాక తెలిసింది. మర్నాడే అర వాటు ఎల్ఈడీ బల్బులు రెండు తెచ్చాను. ఒకటి ఆవిడ దారికి, రెండోది దేవుడికి.

బల్లి రెండు రోజులు దిక్కుతోచక గోడలు పట్టుకు తిరిగింది. నిన్నటి నుంచి ఇన్వర్టర్ వెనక కాపురం పెట్టింది. ఆయనకు విడిగా ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
మీటరు ముందు కూర్చున్నవాడు