కోచ్‌ని ఆ మాట ఎవరడుగుతారు?

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికా ఆట. దాంట్లో పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల కోచ్‌లు ఆ రాష్ట్ర గవర్నర్ కంటే ఎన్నో రెట్లు జీతం తీసుకుంటారు. వాళ్లని స్పోర్ట్స్ విలేఖరులు గట్టిగా నిలదీయరన్నది పాత ఫిర్యాదు. దానిమీద ఇద్దరి వాదన ఇది. ఒకరు రోజూ జట్టు వెంట తిరిగే బీటు, ఇంకొకరు ఆ కాపీ దిద్దే డెస్కు.

డెస్కు: అన్నా, ఏ జట్టు సోమవారం ప్రెస్‌మీట్ ట్రాన్‌స్క్రిప్ట్ తీసినా ఒకటే వరస. "ఈ వారం డిఫెన్స్ గురించి చెప్పండి", "ఆ కుర్రాడు బాగా ఎదిగాడు కదా, దాని గురించి చెప్పండి". ఇవి ప్రశ్నలా, హారతి పళ్లేలా?

బీటు: ఆ గది ఎలా నడుస్తుందో చూస్తే అలా అనవు తమ్ముడూ. కోచ్ వచ్చి మొదట ఐదారు నిమిషాలు తనే మాట్లాడతాడు. ఆ తర్వాత మిగిలేది ఇరవై నిమిషాలుంటే గొప్ప. ఎవరికి మైకివ్వాలో తేల్చేది విశ్వవిద్యాలయం మీడియా విభాగం మనిషి. నీ ప్రశ్న అయ్యీ అవ్వగానే మైకు పక్క వరసకి వెళ్లిపోతుంది. జవాబు తప్పించాడని నీకు తెలుస్తూనే ఉంటుంది, మళ్లీ అడగడానికి నోరే తప్ప మైకు ఉండదు.

డెస్కు: నోరుంది కదా మరి.

బీటు: ఉంది. దానికి రేటూ ఉంది. 2023 సెప్టెంబరులో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఒక పత్రిక బీటు విలేఖరికి రెండు వారాలు ప్రవేశం ఆపేసింది. మరుసటి ఏడాది ఆగస్టులో కొలరాడో విశ్వవిద్యాలయం డెన్వర్ పోస్ట్ కాలమిస్టు ఒకాయన ఫుట్‌బాల్ మీద ప్రశ్నలు వెయ్యకూడదని చెప్పేసింది. కోచ్ డియాన్ శాండర్స్ మీద వ్యక్తిగతంగా రాస్తున్నాడన్నది వాళ్ల కారణం. ఆ కోచ్ కాంట్రాక్టులోనే, ఇరుపక్షాలూ ఒప్పుకున్న మీడియాతోనే మాట్లాడతాడని రాసి ఉంది. 2018లో టీవీ విలేఖరి మరియా టేలర్ అడిగింది క్వార్టర్‌బ్యాక్‌ల గురించి, అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాళ్ల గురించి. అంతే. అప్పటి అలబామా కోచ్ నిక్ సేబన్ లైవ్‌లోనే కసురుకున్నాడు, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడనుకో. ఆటలో మామూలు ప్రశ్నకే అలా ఉంటే, ఆటకు బయటి ప్రశ్నకు ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు.

డెస్కు: కాలిఫోర్నియా కథ సగమే చెప్పారు. గోల రేగాక ఆ నిషేధం గడువుకు ముందే ఎత్తేశారు. అందరూ కలిసి అడ్డం తిరిగితే వెనక్కి తగ్గుతారన్నమాట. అయినా ఆ ప్రవేశంతో మీకొచ్చేదేమిటి? ప్రాక్టీసు మొదటి పది నిమిషాలు చూడనిస్తారు, అది కండరాలు సాగదీసే పది నిమిషాలు. గాయాల గురించి ఏళ్ల తరబడి అడిగారు, ఒక్క కోచ్ సూటిగా చెప్పాడా? చివరికి పందేల వ్యాపారం చట్టబద్ధమయ్యాక విశ్వవిద్యాలయ జట్ల పెద్ద లీగులు బిగ్ టెన్ 2023లో, ఎస్‌ఈసీ 2024లో ఎవరు ఆడగలరో ఎవరు ఆడలేరో జాబితా ఇవ్వక తప్పదని నియమం పెట్టాయి. మీరు రాబట్టలేనిది పందెంరాయుళ్లు రాబట్టారు.

బీటు: ఆ మాట గుచ్చుకుంది, ఒప్పుకుంటాను. కానీ ప్రవేశమంటే ప్రాక్టీసు ఒక్కటే కాదు. రాత్రి పదకొండింటికి ఫోనెత్తే అసిస్టెంట్ కోచ్ ఉంటాడు చూడు, అసలు ప్రవేశం అది.

డెస్కు: ఆ రాత్రి ఫోన్ల సంగతే నేనూ చెప్పబోతున్నాను. 2016 జనవరిలో మిసిసిపీ విశ్వవిద్యాలయం నియమాలు తప్పిందని కాలేజీ క్రీడలను నియంత్రించే సంస్థ ఎన్‌సీఏఏ నుంచి ఆరోపణలు వచ్చాయి. మునుపటి కోచ్ హ్యూస్టన్ నట్ వేసిన దావా ప్రకారం, అప్పటి కోచ్ హ్యూ ఫ్రీజ్ విలేఖరులకు ఫోన్లు చేసి, పేరు వెయ్యొద్దంటూ, తప్పులెక్కువ నట్ కాలంలోవేనని నమ్మించాడు. వార్తలూ అలాగే వచ్చాయి. నట్ లాయరు ఏం చేశాడు? ఆ రోజుల్లో ఫ్రీజ్ వాడిన విశ్వవిద్యాలయం ఫోను బిల్లులు సమాచార హక్కు కింద తీయించాడు. దాంట్లోనే ఎస్కార్ట్ సేవల నంబరుకు వెళ్లిన కాల్ ఒకటి బయటపడింది. 2017 జూలైలో ఫ్రీజ్ రాజీనామా, అక్టోబరులో నట్‌కు విశ్వవిద్యాలయం క్షమాపణ. ఫోనెత్తేవాడు మీకు వార్త ఇస్తున్నాడా, మీ చేత తన వార్త రాయించుకుంటున్నాడా?

బీటు: మరి ఆ కథలో కోచ్‌ని గట్టిగా అడిగినవాడెవడు? ఎవడూ లేడు. బిల్లు అడిగాడు లాయరు. నా వాదనా అదే. మైకు దగ్గర వీరత్వం వీడియోకు పనికొస్తుంది, పని జరిగేది దరఖాస్తులో. కోచ్ కాంట్రాక్టు, దాని సవరణలు, విశ్వవిద్యాలయం ఫోను బిల్లు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని విడివిడిగా చిన్న దరఖాస్తులు పెట్టాలి. "సంబంధించిన పత్రాలన్నీ" అని రాశావా, వెతుకులాట ఖర్చని వేల డాలర్ల బిల్లు చేతిలో పెడతారు. విద్యార్థుల పేర్లున్నాయి, 1974 నాటి విద్యార్థి గోప్యత చట్టం అడ్డొస్తుందంటే, పేర్లు కొట్టేసి మిగతాది ఇమ్మనాలి. కాదంటే ఏ సెక్షన్ కింద కాదంటున్నారో కాగితం మీద అడగాలి. ఆ కాగితమే ఒక వార్త.

డెస్కు: దరఖాస్తు తలుపు వేసెయ్యడం వాళ్లకూ తెలుసన్నా. 2016లో జార్జియా రాష్ట్రం క్రీడా విభాగాలు పత్రాల దరఖాస్తుకు స్పందించే గడువును 3 పనిదినాల నుంచి 90కి పెంచింది. దానికి ముందే జార్జియా విశ్వవిద్యాలయం కొత్త కోచ్ కర్బీ స్మార్ట్ శాసనసభకు వెళ్లి నాయకులను కలిసొచ్చాడు. 90 పనిదినాలంటే నాలుగు నెలలు పైమాటే, అంటే సీజన్ మొత్తం గడిచిపోతుంది. ఇక నోటర్‌డామ్, నార్త్‌వెస్టర్న్ లాంటి ప్రైవేటు సంస్థలకు ఆ చట్టాలు వర్తించనే వర్తించవు. అక్కడ అడగక ఏం చేస్తారు?

బీటు: నార్త్‌వెస్టర్న్ పేరు నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. 2023 జూలై 7న ర్యాగింగ్ విషయంలో కోచ్ పాట్ ఫిట్జ్‌జెరాల్డ్‌కు రెండు వారాల సస్పెన్షన్ ప్రకటించారు. మర్నాడు విద్యార్థుల పత్రిక డైలీ నార్త్‌వెస్టర్న్ ఆటగాడి వివరాలతో రాసింది. 10న ఉద్యోగం పోయింది. అక్కడిదాకా అందరికీ తెలుసు. రెండేళ్ల తర్వాత కోచ్‌తో రాజీ చేసుకుంటూ, ఆయనకు ఏ ఆటగాడూ ఫిర్యాదు చేసినట్టు గానీ, ఆయన దాన్ని సమర్థించినట్టు గానీ ఆధారం లేదని విశ్వవిద్యాలయమే చెప్పింది. ర్యాగింగ్ జరగలేదని కాదు. "ఏం జరిగింది" వేరు, "కోచ్‌కి ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు" వేరు. రెండోది సాక్ష్యం లేకుండా అడిగితే నిందే అవుతుంది.

డెస్కు: సాక్ష్యం మొత్తం చేతికొచ్చేదాకా ఆగనక్కర్లేదు, తేదీ ఒకటి ఉంటే చాలు. 2018 జూలై 24, షికాగో, బిగ్ టెన్ మీడియా సమావేశం. ఒహాయో స్టేట్ కోచ్ అర్బన్ మేయర్ ముందురోజే ఒక అసిస్టెంట్‌ని తీసేశాడు. ఆ అసిస్టెంట్ మీద 2015 నాటి గృహహింస ఆరోపణ గురించి గదిలోని మామూలు విలేఖరులే అడిగారు. తనకేమీ తెలియదన్నట్టు చెప్పాడు. ఆగస్టు 1న బ్రెట్ మెక్‌మర్ఫీ, అప్పటికే ఈఎస్‌పీఎన్‌లో ఉద్యోగం పోయిన మనిషి, ఆ అసిస్టెంట్ మాజీ భార్య, మేయర్ భార్య ఆ సంగతి మీద రాసుకున్న మెసేజులు ఫేస్‌బుక్‌లో పెట్టాడు. మేయర్‌కు తెలుసని తేలింది, మూడు ఆటల సస్పెన్షన్ పడింది. షికాగోలో ఆ ప్రశ్న పడకపోతే ఆ మెసేజులు ఏ అబద్ధాన్ని పట్టిస్తాయి? తప్పించుకునే జవాబు కూడా రికార్డే.

బీటు: బయటపెట్టింది మాత్రం పోగొట్టుకోడానికి బీటు లేనివాడు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం మాజీ అసిస్టెంట్ కోచ్ శాండస్కీ మీద, పిల్లల మీద లైంగిక దాడి ఆరోపణతో గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) విచారణ జరుగుతోందని 2011 మార్చిలో రాసింది శారా గానిమ్, నేరాలూ కోర్టుల విలేఖరి. స్పోర్ట్స్ పేజీ కాదు.

డెస్కు: అది మీ వాదనకు బలమా, నా వాదనకా?

బీటు: ...సరే. నువ్వైతే ఎలా అడుగుతావో రాసి చూపించు. మేరీలాండ్ విశ్వవిద్యాలయం తీసుకో. 2018 మే 29న 19 ఏళ్ల ఆటగాడు ప్రాక్టీసులో ఎండదెబ్బకు కూలిపోయి జూన్ 13న చనిపోయాడు.

డెస్కు: "కోచ్, ఆ విషాదం గురించి, ఆటగాళ్ల భద్రత గురించి మీరేమంటారు, బాధ్యత ఎవరిది?"

బీటు: పోయింది. మూడు ప్రశ్నలు ఒకేసారి వేశావు, తేలికైనది ఏరుకుంటాడు. "మా గుండె పగిలింది" అంటాడు, నీ మైకు వెళ్లిపోతుంది. "ఏమంటారు" అన్నది ఎప్పుడూ వాడకు. ఎండదెబ్బకు వైద్యం తెలుసుకుని వెళ్లు. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే అంబులెన్స్. మంచునీళ్ల టబ్బులో అరగంట లోపల ముంచాలి, ఒంటి వేడి మలద్వారం థర్మామీటరుతో చూడాలి, నుదుటి మీద కొలిస్తే మోసపోతాం. కాబట్టి: "ఆ రోజు మైదానం దగ్గర మంచునీళ్ల టబ్బు సిద్ధంగా ఉందా?" ఉందంటే, "అతన్ని దాంట్లో ఉంచారా?" వేరే మనిషి అడగాలి. ముంచలేదని తర్వాత విశ్వవిద్యాలయం వేయించిన నివేదికే చెప్పింది. అవునా కాదా అన్నదానికి "విచారణలో ఉంది" అంటే, అలా అన్నాడనే రాస్తాం.

డెస్కు: చూశారా, అడగడం మీకు నాకంటే బాగా వచ్చు. మరి ఆ రెండో ప్రశ్న అడిగే వేరే మనిషి ఎవరు?

బీటు: పక్క పేపరువాడు. ముందే మాట్లాడుకుని, మైకు వాడి చేతికొచ్చినప్పుడు సొంత ప్రశ్న వదులుకుని నాది కొనసాగించాలి.

డెస్కు: అడిగి చూశారా వాణ్ని?

బీటు: వాడికి కోచ్‌తో గురువారం ఇంటర్వ్యూ ఉంది.