ప్రయోగంలో పంక్తిభేదం

మా అమ్మాయి ఐదో తరగతి. ఫిబ్రవరి 28న సైన్స్ డే కదా, ఇంట్లో ఒక ప్రయోగం చేసి చార్టు మీద రాసుకు రమ్మని బడిలో కాగితం ఇచ్చారు. 1928లో అదే రోజున సి.వి. రామన్ తన ఆవిష్కరణ ప్రకటించాడనీ, ఆయన చిన్నప్పుడు మన విశాఖపట్నంలోనే చదువుకున్నాడనీ నేను మొదలుపెట్టబోతే, "అవన్నీ తర్వాత నాన్నా, ముందు పదాలు" అంది. ప్రశ్న, పరికల్పన, చరరాశి, నియంత్రణ, పరిశీలన, నిర్ధారణ. ఒక్కోదానికి అర్థం రాసి, మన ప్రయోగంలో అది ఎక్కడుందో చూపించాలట.

నేను బీఎస్సీ. పాతికేళ్లుగా ఆ సంగతి ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నాను.

"పరికల్పన అంటే?"

"జవాబు ఇలా ఉండొచ్చని ముందే ఒకటి అనుకుని, తర్వాత పరీక్షించి చూడటం."

"పరీక్షించకపోతే?"

"దాన్ని అభిప్రాయం అంటారు" అంది మా ఆవిడ వంటింట్లోంచి. "మీ నాన్న దగ్గర బోలెడున్నాయి."

చరరాశి దగ్గరికి వచ్చేసరికి, అప్పటిదాకా చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తింది. "అది నన్నడగండి. మేషం, కర్కాటకం, తుల, మకరం."

"ఆ రాశులు కాదు నానమ్మా. ప్రయోగంలో మనం మార్చేది చరరాశి. మార్చకుండా ఉంచేది స్థిరరాశి."

"నేను చెప్పేదీ అదేనే. వృషభం, సింహం, వృశ్చికం, కుంభం స్థిరరాశులు. మీ నాన్నది మకరం. అందుకే పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట."

పిల్ల 'చరరాశికి ఉదాహరణ' అన్న గడిలో 'నాన్న' అని రాసేసుకుంది. రబ్బరు పెట్టి చెరిపించాను గానీ, అచ్చు పడిన చోట ఇంకా కనబడుతూనే ఉంది.

ప్రయోగం ఏమిటంటే, పెరుగు. ఎంత వేడి పాలలో తోడు వేస్తే బాగా తోడుకుంటుంది? నాలుగు స్టీలు గ్లాసులు, ఒక్కోదాంట్లో 100 మిల్లీలీటర్ల పాలు. మొదటిది పొగలు కక్కుతూ, రెండోది గోరువెచ్చగా, మూడోది ఫ్రిజ్‌లోంచి తీసినట్టే. మూడింటికీ ఒక్కో చెంచా తోడు. మూడోది తోడు వేశాక మళ్లీ ఫ్రిజ్‌లోకే. నాలుగోది గోరువెచ్చటి పాలే గానీ తోడు లేదు. పక్కన పెట్టి పోల్చి చూసుకోవడానికన్న మాట.

వేడి కొలవడం దగ్గర చిక్కొచ్చింది. ఇంట్లో ఉన్నది జ్వరం చూసే థర్మామీటరు. అది 42 డిగ్రీల దాకా వెళ్లి చేతులెత్తేస్తుంది. సరే, తరతరాల పద్ధతి ఉండనే ఉందని చిటికెనవేలు ముంచాను. మొదటి గ్లాసులోనే ముంచడం నా తెలివి. వేలు నోట్లో పెట్టుకుని, చల్లబడ్డాక రెండోదాంట్లో, నాలుగోదాంట్లో కూడా ముంచి 'గోరువెచ్చన' అని ప్రకటించాను. పరికరాల జాబితాలో పిల్ల 'నాన్న చిటికెనవేలు, 1' అని రాసుకుంది.

అమ్మ చూపు నాలుగో గ్లాసు మీదే ఉంది. "దీనికి తోడు వెయ్యడం మర్చిపోయావే?"

"వెయ్యకూడదు నానమ్మా. అదే కంట్రోల్."

"మూడింటికి వేసి ఒకదాన్ని ఎండగడతారా? ఇదేం పంక్తిభేదం?"

అమ్మకు పెళ్లి భోజనాల్లో ఒక ఆకులో నెయ్యి వేసి పక్క ఆకు దాటిపోతే ఇప్పటికీ వారం రోజులు నిద్రపట్టదు. ఆమెకు నచ్చజెప్పడానికి జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు కథ ఎత్తుకున్నాను. 1747లో ఓడ మీద స్కర్వీ అనే జబ్బు వచ్చిన 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక జంటకు నారింజలూ నిమ్మకాయలూ, మరో జంటకు వెనిగరు, ఇంకో జంటకు సముద్రపు నీళ్లు ఇచ్చి చూశాడు. పండ్లు తిన్నవాళ్లు ముందు కోలుకున్నారు.

"మిగతావాళ్ల తల్లులు ఆ ఓడలో లేరు కాబట్టి సరిపోయింది" అంది అమ్మ.

పొద్దున్నే ఇంటిల్లిపాదీ గ్లాసుల చుట్టూ చేరాం. మొదటిది పాలు పాలలాగే ఉంది. ఆ వేడికి తోడులోని లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా చచ్చి ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన మూడోదాంట్లో అది బద్ధకంగా పడుకుంది. రెండోది గడ్డపెరుగు, చెంచా నిలబడింది. అంతా పుస్తకంలో చెప్పినట్టే. నాలుగో గ్లాసు వంచితే ఒలకలేదు. జిగురు జిగురుగా, సగం సగంగా, కానీ పెరుగే.

"పరికల్పన తప్పయింది" అంది పిల్ల, నీళ్లు నిండిన కళ్లతో.

నేను గొంతు సవరించుకుని, గాల్లోని సూక్ష్మజీవుల గురించి పది నిమిషాలు మాట్లాడాను. ఈలోగా పిల్ల చెంచాతో అడుగు దాకా కెలికింది. ఎర్రగా ఏదో తగిలింది. పైకి తీస్తే, తొడిమతో సహా ఒక ఎండుమిరపకాయ.

అందరం అమ్మ వైపు తిరిగాం.

"తోడు వెయ్యొద్దన్నారు, వెయ్యలేదు" అంది అమ్మ, కాఫీ గ్లాసు దించకుండా. "పూర్వం ఇంట్లో తోడు లేకపోతే మేం మిరపకాయే వేసేవాళ్లం. తొడిమ చాలు, తోడుకుంటుంది."

నాకు ఊపిరొచ్చింది. తప్పు దొరికింది, అది నాది కాదు. కానీ పిల్ల కాగితం తీసి 'ఫలితం పాడవడానికి కారణాలు' అని గీత గీసి, రెండు రాసింది. ఒకటి, నానమ్మ మిరపకాయ. రెండు, నాన్న వేలు.

"నా వేలేం చేసిందే?"

"నోట్లో పెట్టుకుని మళ్లీ పాలల్లో ముంచావుగా. రెండూ ఒకేసారి మారాయి నాన్నా. ఏది చేసిందో ఎలా చెప్తాం?"

మా ఆవిడ ఆ గ్లాసులన్నీ సింకులో పడేసి, నా చేతికి చెంచా ఇచ్చి, ఈసారి వేడి దీంతో చూడమంది.

ఆ రాత్రి మళ్లీ నాలుగు గ్లాసులు. నాలుగోదాని మీద పెద్ద అక్షరాలతో చీటీ: 'నానమ్మా, దీనికి ఏమీ వద్దు.' ఒంటిగంటకు మంచినీళ్లకని లేచి వెళ్తే వంటింట్లో లైటు వేసి ఉంది. అమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నాలుగో గ్లాసు ముందు నిలబడి ఉంది.

నన్ను చూసి గొంతు తగ్గించి అడిగింది, "కనీసం మూతైనా పెట్టనా?"