రద్దు చేశాం, ఇక మీ ఇష్టం

ఒక వెబ్‌సైటు సర్టిఫికెట్ (ఈ సైటు నిజంగా ఫలానా వారిదేనని చూపే డిజిటల్ గుర్తింపు పత్రం) ఇంకా చెల్లుతోందా, మధ్యలోనే రద్దయిందా అని విచారించుకోవడం బాధ్యత గల పౌరుడి కనీస ధర్మం. విచారకరమైన సంగతేమిటంటే, ఈ ధర్మాన్ని ఎవరూ పాటించడం లేదు. బ్యాంకు సైటు తెరుచుకోగానే పాస్‌వర్డ్ కొట్టేస్తున్నారు, ఓటీపీ ఇచ్చేస్తున్నారు. ఒక్కరైనా ఆగి "ఏమండీ, తమరి సర్టిఫికెట్ రద్దు కాలేదు కదా?" అని అడిగిన పాపాన పోలేదు. అదంతా బ్రౌజర్ చూసుకుంటుందిలే అంటారు. ఆ భ్రమ తొలగించడానికే ఈ శ్రమ.

ముందు వ్యవస్థకు దక్కాల్సిన గౌరవం దక్కాలి. ఏదో సైటు ప్రైవేట్ కీ, అంటే తాను అసలైనదేనని రుజువు చేసుకునే రహస్య తాళంచెవి, దొంగల చేతిలో పడిందనుకుందాం. సర్టిఫికెట్‌కు గడువు ఇంకా నెలల తరబడి ఉంది. అప్పుడు దాన్ని జారీ చేసిన సంస్థ ఏం చేస్తుంది? సీరియల్ నంబరు తీసి ఒక జాబితాలో ఎక్కిస్తుంది. దాని పేరు సీఆర్‌ఎల్, అంటే సర్టిఫికెట్ రివొకేషన్ లిస్ట్. 1988లో సర్టిఫికెట్ల నమూనాను నిర్ణయించే ఎక్స్.509 ప్రమాణం పుట్టినప్పటి నుంచీ ఈ జాబితా ఉంది. దానికి తేదీ ఉంటుంది, డిజిటల్ సంతకం ఉంటుంది, తర్వాతి జాబితా ఎప్పుడొస్తుందో కూడా ముందే రాసి ఉంటుంది. రద్దుకు కారణం సైతం అంకెల్లో వేస్తారు: 1 అంటే కీ పోయింది, 4 అంటే దీని స్థానంలో కొత్తది వచ్చింది, 5 అంటే దుకాణం కట్టేశారు, 6 అంటే తాత్కాలిక సస్పెన్షన్. 7 లేదు. ఎందుకు లేదని అడక్కండి, "7 వాడుకలో లేదు" అని ప్రమాణంలోనే రాసుకున్నారు. ఇంత పకడ్బందీగా తయారైన జాబితాను చదివేవాళ్ళున్నారా అన్నది ఆ జాబితాకు సంబంధించిన విషయం కాదు.

చదవబోతే ఏమవుతుందో 2014 ఏప్రిల్‌లో తెలిసింది. సర్వర్ల నుంచి రహస్య కీలు కారిపోయే హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డాక, ఇతరుల సైట్లకు ముందు కాపలా నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ తన సర్టిఫికెట్లను టోకున రద్దు చేయించింది. వాటిని జారీ చేసిన గ్లోబల్‌సైన్ వారి జాబితా 22 కేబీ నుంచి 4.7 ఎంబీకి ఉబ్బిపోయింది. రద్దు అనే పనిని నిజంగానే చేస్తే బ్యాండ్‌విడ్త్ బిల్లు ఎలా ఉంటుందో అందరికీ అర్థమైంది. అంతకు చాలా ముందే, 1999లో, జాబితా మొత్తం మోయనక్కర్లేకుండా ఒక్క నంబరు గురించి అడిగి తెలుసుకునే పద్ధతి పెట్టారు. అదే ఓసీఎస్‌పీ, ఆన్‌లైన్ సర్టిఫికెట్ స్టేటస్ ప్రోటోకాల్. అడిగితే చెబుతారు. అడగాలంతే.

క్రోమ్ అడగడం మానేసింది. 2012లో గూగుల్ ఇంజినీరు ఆడమ్ లాంగ్లీ ఆ నిర్ణయాన్ని ప్రకటించారు. జవాబు రాకపోతే "సరే, బాగానే ఉండి ఉంటుంది" అనుకుని బ్రౌజర్లు ముందుకెళ్ళిపోతాయి కదా, అలాంటి తనిఖీ ప్రమాదం జరిగిన క్షణంలోనే తెగిపోయే సీటుబెల్టు లాంటిదని ఆయన వాదన. మీ కనెక్షన్‌లో నకిలీ సర్టిఫికెట్‌తో చొరబడగలిగినవాడికి ఓసీఎస్‌పీ జవాబు మీకు చేరకుండా ఆపడం ఎంతసేపు! కాబట్టి క్రోమ్ తానే అత్యవసరమైన రద్దుల చిన్న జాబితా ఒకటి పెట్టుకుని, మిగతావి మన పూర్వజన్మ సుకృతానికి వదిలేసింది.

ఇక మిగిలింది మనమూ, కమాండ్లు కొట్టే మన నల్ల తెరా. సర్టిఫికెట్లను పరిశీలించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాధనం ఉన్న ఏ యంత్రం మీదైనా ఈ సేవ ఉచితం. ముందుగా దాని ఎస్-క్లయింట్ కమాండ్‌తో సైటు 443 పోర్టుకు తగులుకోండి, షో-సర్ట్స్ అనండి. తెర నిండా అక్షరాల వరద పారుతుంది. అందులో "బిగిన్ సర్టిఫికెట్" నుంచి "ఎండ్ సర్టిఫికెట్" దాకా కత్తిరించి ఒక ఫైల్లో దాచండి. రెండో ముక్కను ఇంకో ఫైల్లో దాచండి, అది జారీ చేసినవారి సర్టిఫికెట్. అది లేకుండా దరఖాస్తు తీసుకోరు. కొన్ని సర్వర్లు రెండో ముక్క పంపవు. అప్పుడు మొదటి దాని కడుపులో చూసి, జారీదారు చిరునామా పట్టుకుని, మీరే వెళ్ళి తెచ్చుకోవాలి. అది వేరే ఫార్మాట్‌లో వస్తుంది, మార్చుకోవాలి. తర్వాత ఎక్స్‌509 కమాండ్‌కు ఓసీఎస్‌పీ-యూఆర్ఐ చెప్పమంటే ఎక్కడ విచారించాలో చిరునామా ఇస్తుంది.

ఆ చిరునామా చూసి కొందరు అనుభవం లేనివాళ్ళు ఉలిక్కిపడతారు. హెచ్‌టీటీపీ అని ఉంటుంది, చివర ఎస్ ఉండదు. భద్రత గురించి విచారించే దారికే భద్రత లేదా అని వాపోతారు. అమాయకులు. దానికీ ఎస్ తగిలిస్తే, ఆ విచారణ కౌంటర్ సర్టిఫికెట్ రద్దయిందో లేదో ఇంకో కౌంటర్‌లో విచారించాలి. జవాబు కింద సంతకం ఉంటుంది కనుక దారి ఎలాంటిదైనా ఫర్వాలేదన్నారు పెద్దలు. మీరు ఏ సైటుకు వెళ్తున్నారో దారిలో ఉన్నవాళ్ళంతా చూడొచ్చు కదా అంటారా? చూడనివ్వండి, మనకు దాచుకోవడానికేముంది!

ఇప్పుడు ఓసీఎస్‌పీ కమాండ్‌కు జారీదారు ఫైలు, మన ఫైలు, చిరునామా, మూడూ ఇవ్వండి. జారీదారును ముందు చెప్పాలి. పాత వెర్షన్‌లో హోస్ట్ హెడర్ (ఏ సర్వర్‌ను అడుగుతున్నామో చెప్పే వరుస) పేరుకూ విలువకూ మధ్య ఖాళీ పెట్టాలి, 1.1.0 నుంచి ఈక్వల్స్ గుర్తు పెట్టాలి. అన్నీ కుదిరితే "రెస్పాన్స్ వెరిఫై ఓకే" అని, ఆ కిందే ఒక్క మాట వస్తుంది: "గుడ్". ఈ ఒక్క మాట కోసమే కదా ఇంతసేపూ తపస్సు.

ఈ "గుడ్"కు అర్థం ప్రమాణ పత్రంలో ఉంది. ఈ నంబరు సర్టిఫికెట్ రద్దయినట్టు మా దగ్గర లేదు, అంతే. అలాంటి సర్టిఫికెట్ అసలెప్పుడైనా జారీ అయిందని కూడా దీని అర్థం కానక్కర్లేదని అక్కడే స్పష్టం చేశారు. తర్వాత బ్రౌజర్లూ జారీ సంస్థలూ కూర్చుని, "మీరు జారీ చేయని నంబరుకు గుడ్ అనకండి" అని విడిగా ఒక నియమం రాసుకోవాల్సి వచ్చింది. ఆ నియమం వెనక డిజినోటార్ నీడ ఉంది. 2011లో ఆ డచ్చి సర్టిఫికెట్ జారీ సంస్థలోకి చొరబడినవాళ్ళు గూగుల్ పేరిట నకిలీ సర్టిఫికెట్ చేయించుకున్నారు. లోపల ఏమేం తయారయ్యాయో జారీ చేసినవాళ్ళకే లెక్క తేలలేదు. ఆ నకిలీని ఎవరిమీద వాడారో బయటపెట్టింది ఓసీఎస్‌పీ లాగులే. నకిలీ సర్టిఫికెట్ గురించి విచారిస్తూ వచ్చిన ప్రశ్నల్లో దాదాపు అన్నీ ఇరాన్ నుంచి, దాదాపు 3 లక్షల ఐపీ చిరునామాల నుంచి వచ్చాయి. అంటే అక్కడి బ్రౌజర్లు బాధ్యతగా అడిగాయి. నేరం జరిగిన తీరు నమోదు చేయడంలో వ్యవస్థ ఏ లోపమూ చేయలేదు. ఆపడం ఒక్కటే దాని పరిధిలో లేకపోయింది. సెప్టెంబరులో సంస్థ దివాలా తీసింది.

"గుడ్" కింద మరో రెండు తేదీలుంటాయి, దిస్ అప్‌డేట్, నెక్స్ట్ అప్‌డేట్. మధ్య ఎడం 10 రోజుల దాకా ఉండొచ్చు. మొన్న తయారైన గుడ్, నిన్న కీ పోయినా, ఇవాళ కూడా గుడ్డే.

"గుడ్", "రివోక్డ్", "అన్‌నోన్" కాక ఇంకో గొప్ప జవాబుంది. దాని నంబరు 3, పేరు "ట్రై లేటర్". మన ఊళ్ళలో ఒకప్పుడు తలుపుల మీద సుద్దతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారే, అదే సాంకేతిక పరిజ్ఞానం. అక్కడ దయ్యం చదువుకుని వెనక్కి పోయేది, ఇక్కడ తనిఖీ చేయవచ్చిన బ్రౌజర్ చదువుకుని వెనక్కి పోతుంది. తమాషా ఏమిటంటే ఈ జవాబుకు సంతకం అక్కర్లేదు. 2009లో మాక్సీ మార్లిన్‌స్పైక్ అనే పరిశోధకుడు దీన్ని బజార్న పెట్టాడు: దారిలో కూచున్నవాడు ఆ 3 అంకెను ముందుకు తోస్తే చాలు, విచారణ సమాప్తం. సుద్దముక్క కూడా ఖర్చు లేదు.

అడిగితే ఏమవుతుందో ఆపిల్ వారు చూపించారు. మ్యాక్‌లో యాప్ తెరిచేముందు దాని తయారీదారు సర్టిఫికెట్ రద్దయిందా అని విచారించేవారు. 2020 నవంబరు 12న వారి ఓసీఎస్‌పీ సర్వర్ నీరసించింది. ప్రపంచమంతటా మ్యాక్‌లలో యాప్‌లు తెరుచుకోక మొండికేశాయి. మందు ఏమిటంటే ఇంటర్నెట్ కట్టేయడం. నెట్ తీసేస్తే విచారించడానికి దారే లేదు కనుక యంత్రం వెంటనే "బాగానే ఉండి ఉంటుంది" అనుకుని పరుగు తీసింది.

మనవాళ్ళూ వెనకబడలేదు. 2014 జూలైలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఇంటర్మీడియట్ అధికారంతో, అంటే మూల సంస్థ తరఫున జారీ చేసే హక్కుతో, గూగుల్ పేరిట సర్టిఫికెట్లు జారీ అయ్యాయని 2వ తేదీన గూగుల్ పట్టుకుంది. మర్నాడే మన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ ఆ ఇంటర్మీడియట్లన్నిటినీ రద్దు చేసింది. ఈ వేగాన్ని మెచ్చుకోవాలి. పక్కదారి పట్టినవి నాలుగే అని కూడా తేల్చింది. ఆ నాలుగులో లేనివి గూగుల్ దగ్గర ఉన్నాయి. దాంతో వాటన్నిటికీ మూలమైన భారత రూటు సర్టిఫికెట్‌ను క్రోమ్‌లో జీఓవీ.ఇన్, ఎన్‌ఐసీ.ఇన్ వంటి కొన్ని డొమైన్లకే పరిమితం చేశారు.

నిక్కచ్చిగా తనిఖీ చేసే మొనగాడు ఒకడున్నాడు. విండోస్‌లో ఫైళ్ళు దించే కర్ల్, కోడ్ భద్రపరిచే గిట్ అనే సాధనాలు, విండోస్ సొంత భద్రతా పొర అయిన ఎస్‌-ఛానెల్ మీద నడిస్తే రద్దు సంగతి తేలందే కదలవు. ఆఫీసు ప్రాక్సీ వెనక ఆ విచారణ చిరునామా అందదు, ఎర్రర్ వస్తుంది. పక్క సీటులోని సీనియర్‌ను అడిగితే తల కూడా ఎత్తకుండా మంత్రం చెబుతాడు: కర్ల్‌కైతే ఎస్‌ఎస్‌ఎల్-నో-రివోక్, గిట్‌కైతే ఎస్‌-ఛానెల్-చెక్-రివోక్ ఫాల్స్. అది గ్లోబల్ కాన్ఫిగ్‌లో చేరి, కొత్తగా చేరినవాళ్ళకిచ్చే సెటప్ డాక్యుమెంట్‌లో చేరి, తరతరాలకూ చల్లగా వర్ధిల్లుతుంది.

ఇంతలో అసలు కౌంటరే ఎత్తేశారు. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థకు నెలకు సుమారు 34 వేల కోట్ల ఓసీఎస్‌పీ ప్రశ్నలు వచ్చేవి. 2025 ఆగస్టు 6న ఆ సేవ ఆపేసింది. ఎవరు ఏ సైటుకు వెళ్తున్నారో తమకు తెలిసిపోతోందన్న బాధ కూడా ఒక కారణం. మళ్ళీ జాబితాకే వచ్చాం, 1988కి. ఇంకో పక్క, రద్దు చేయడం ఎలాగూ రాలేదు కనుక గడువే కోసేద్దామన్నారు. 2029 మార్చి నుంచి ఏ వెబ్‌సైటు సర్టిఫికెట్‌కైనా గరిష్ఠంగా 47 రోజులే. ఆరు రోజులవీ ఉన్నాయి. వాటిలో రద్దు గురించి ఎక్కడ అడగాలో చిరునామా కూడా ఉండదు. అడిగేలోపే గడువు తీరుతుందని ధీమా.

అయినా ఆడిట్‌కు వచ్చేవారి ఫారంలో "రివొకేషన్ చెకింగ్ అమల్లో ఉందా?" అనే గడి అలాగే ఉంది. "అవును" మీద టిక్ పెట్టండి. ఆధారం అడిగితే "గుడ్" వచ్చిన తెర ఫొటో జతచేయండి. ఫొటో తీసేటప్పుడు నెక్స్ట్ అప్‌డేట్ తేదీ దాకా రానివ్వకండి, పోయినేడాదిది కదా, బాగుండదు.