డిమెన్షియా సినిమాల్లో చూసుకునే మనిషి ఎక్కడ?

జ్ఞాపకం, ఆలోచన మెల్లగా చెడిపోయే జబ్బు డిమెన్షియా. దాని మీద వచ్చే డ్రామాల్లో ఒక సీన్ దాదాపు ఖాయం. ముసలాయన కన్నకూతుర్ని చూసి "నువ్వెవరమ్మా?" అంటాడు, కెమెరా ఆ అమ్మాయి మొహం మీదకి వెళ్తుంది, వెనక వయొలిన్ మొదలవుతుంది, హాల్లో అందరూ కళ్లు తుడుచుకుంటారు. క్లైమాక్స్‌లో పాత పాట వినో, ఫొటో చూసో ఆయనకి ఒక్క క్షణం అంతా గుర్తొచ్చి కూతుర్ని పేరుపెట్టి పిలుస్తాడు. ఇది అబద్ధమని అనను, అలాంటి క్షణాలు నిజంగానే ఉంటాయి. కానీ ఆ జబ్బు ఉన్న ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా జరిగేది వేరు. నువ్వెవరని అడిగిన ఆ మనిషికే ఆ తర్వాత స్నానం చేయించాలి, మాత్రలు మింగించాలి, అర్ధరాత్రి గొళ్లెం తీసుకుని రోడ్డు మీదకి వెళ్లిపోకుండా కాపలా కాయాలి. సినిమా సాధారణంగా అక్కడిదాకా రాదు.

సినిమావాళ్లకి డిమెన్షియా అంటే జ్ఞాపకం పోవడం. ఇంటివాళ్లకి మాత్రం ముందు పోయేది నిద్ర. సాయంత్రమయ్యేసరికి ఆందోళన పెరిగిపోవడం, సొంతింట్లోనే కూర్చుని "మా ఇంటికి తీసుకెళ్లండి" అని గంటలతరబడి పట్టుబట్టడం, డబ్బు ఎక్కడ దాచారో మర్చిపోయి కోడలే తీసిందనడం, ఒక్కోసారి పక్కనున్న భార్యని చూసి ఈవిడ నా భార్య కాదు, ఆమె వేషంలో వచ్చిన ఎవరో అని గట్టిగా నమ్మడం, ఇవన్నీ ఈ జబ్బులో ఉన్నవే. మతిమరుపు కంటే ఇవే మనుషుల్ని ఎక్కువ కుంగదీస్తాయి. మర్చిపోయినందుకు ఎవరికీ పెద్దగా కోపం రాదు, దొంగ అన్నందుకు వస్తుంది. అలా కోపం వచ్చినందుకు, ఒక్కోసారి గట్టిగా అరిచినందుకు, రాత్రంతా తమని తామే తిట్టుకుంటారు. ఆ కోపాన్నీ ఆ బాధనీ పక్కపక్కనే పెట్టి చూపించే సీన్లు మనకి చాలా తక్కువ.

ఇది ఏ కొద్దిమంది కష్టమో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో 5.7 కోట్ల మంది డిమెన్షియాతో బతుకుతున్నారు, ఏటా దాదాపు కోటి మంది కొత్తగా చేరుతున్నారు. 2019లో దీనివల్ల ప్రపంచం మీద పడిన భారం 1.3 లక్షల కోట్ల డాలర్లని అదే సంస్థ చెప్పింది, అందులో సుమారు సగం ఇంటివాళ్లు, దగ్గరివాళ్లు జీతం లేకుండా చేసే చాకిరీ విలువే. వాళ్లు రోగిని చూసుకునేది సగటున రోజుకి 5 గంటలు, ఆ గంటల్లో 70 శాతం ఆడవాళ్లవి. ఇంత పని చేస్తున్న మనిషి కథలో పక్క పాత్రగా ఎందుకు మిగిలిపోతోందన్నదే నా ప్రశ్న. రోగి పాత్రలో నటించడానికి బోలెడంత ఉంటుంది, అవార్డులూ దానికే వస్తాయి. మంచం మీది దుప్పటి రోజుకి మూడోసారి మార్చే పాత్రకి అంత మెరుపు ఎక్కడిది?

ఫ్లోరియన్ జెల్లర్ తీసిన 'ది ఫాదర్' (2020) రోగి బుర్రలోకి మనల్ని లాక్కెళ్లిన సినిమా. ఫ్లాట్‌లో సామాన్లూ గోడలూ మనకి తెలియకుండానే మారిపోతుంటాయి, కూతురు ఒక సీన్‌లో ఒక నటి, ఇంకో సీన్‌లో ఇంకో నటి. ఏది నిజమో తేలక చూసేవాళ్లకీ టెన్షన్ మొదలవుతుంది. తండ్రి పాత్ర వేసిన ఆంథనీ హాప్కిన్స్ 83 ఏళ్ల వయసులో దీనికి ఆస్కార్ అందుకున్నాడు, ఉత్తమ నటుడిగా అంత పెద్ద వయసులో అంతకుముందు ఎవరికీ రాలేదు. అర్హతలో ఏ అనుమానమూ లేదు.

నాకు మాత్రం ఆ సినిమాలో అన్నిటికంటే నిజమనిపించింది కొత్తగా వచ్చిన కేర్‌టేకర్ అమ్మాయి సీన్. ఆమెని చూడగానే ఆయన హుషారైపోతాడు, నేను ట్యాప్ డ్యాన్సర్‌ని అంటాడు, అడుగులు కూడా వేసి చూపిస్తాడు, ఆ అమ్మాయి నవ్వుతుంది. హమ్మయ్య, ఈవిడైనా నిలుస్తుందేమోనని కూతురు ఆన్ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. అంతలో మాట మారిపోతుంది. తనకి ఇష్టమైంది రెండో కూతురు లూసీయేనని ఆ కొత్తమనిషి ముందే, ఆన్ వింటుండగానే అంటాడు. అక్కడ ఆన్‌గా చేసిన ఒలీవియా కోల్మన్ మొహం చూడండి. ఇలాంటి ఇళ్లలో ఉన్నవాళ్లకి ఇది బాగా తెలిసిన సంగతే: బంధువులొచ్చినా డాక్టర్ ముందు కూర్చున్నా ఆ అరగంట మనిషి చక్కగా మాట్లాడతారు, జోకులేస్తారు. చూసినవాళ్లు "బానే ఉన్నారుగా, మీరే ఎక్కువ చేస్తున్నారు" అనేసి వెళ్లిపోతారు. వాళ్లటు వెళ్లగానే ఇటు మళ్లీ మొదలు. రోజంతా చాకిరీ చేసిన మనిషి మాట ఎవరూ నమ్మకపోవడం కంటే పెద్ద అలసట ఉండదు.

'స్టిల్ ఆలిస్' (2014) ఇంకోలాంటి సమస్య. జూలియన్ మూర్ అద్భుతంగా చేసింది, జబ్బు పిల్లలకి కూడా వస్తుందేమోనన్న భయం కుటుంబాన్ని ఎలా పట్టుకుంటుందో చూపించడంలో ఆ సినిమాకి సాటి తక్కువ. కానీ ఒకే జన్యులోపం వల్ల తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డకి నేరుగా వచ్చే ఆ రకం మొత్తం అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) కేసుల్లో ఒక శాతానికి అటూఇటూ. పైగా జబ్బు పడిన ఆలిస్ ప్రొఫెసర్, భర్త డాక్టర్, సముద్రం పక్కన ఇల్లు. చిన్న కూతురు తిరిగొచ్చి తల్లి పక్కన కూర్చుని చదివి వినిపిస్తుంటే సినిమా ముగుస్తుంది. అక్కడి నుంచే కదా అసలు బరువు! మింగడం కష్టమై గొంతులో అన్నం అడ్డం పడటం, మలమూత్రాలు తెలియకపోవడం, రంగస్థల నటి అయిన ఆ కూతురి నాటకాలు, ఆమె ఇరవైల వయసు ఏమయ్యాయన్నది, ఇదంతా కెమెరా ఆగిపోయాకే జరుగుతుంది. రోగి అందంగా ఉన్నంతకాలమే సినిమా ఆ ఇంట్లో ఉంటోంది.

మా అమ్మమ్మకి ఈ జబ్బు ఉన్నప్పుడు అమ్మకి అన్నిటికంటే కష్టమైంది స్నానం. నెత్తిన నీళ్లు పడగానే అమ్మమ్మ బెదిరిపోయేది, "చంపేస్తున్నారు" అని వీధి దాకా వినపడేలా కేకలు పెట్టేది, అమ్మ చేతులు గీరేసేది. నీళ్లు ముందు పాదాల మీద పోసి, మెల్లగా పైకి రావాలని, తలస్నానం వేరే రోజుకి పెట్టుకోవాలని అమ్మ తనంతట తనే నేర్చుకుంది. ఏ డాక్టరూ చెప్పలేదు.

ఇరాన్ దర్శకుడు అస్ఘర్ ఫర్హాదీ 'ఎ సెపరేషన్' (2011) చూసినప్పుడు నాకు అందుకే ఒళ్లు జలదరించింది. అది డిమెన్షియా సినిమా అని ఎవరూ అనరు, విడాకుల గొడవ అంటారు. కానీ ఆ గొడవ అంతా నడిచేది అల్జీమర్స్ ఉన్న భర్త తండ్రిని ఎవరు చూసుకోవాలన్న ఇరుసు మీదే. ఆ ముసలాయన బట్టలు పాడుచేసుకుంటే, పనికొచ్చిన ఆవిడ పరాయి మగాణ్ణి తాకి శుభ్రం చేస్తే పాపమా కాదా అని మత సలహాలిచ్చే చోటికి ఫోన్ చేసి కనుక్కుంటుంది. మరో రోజు ఆయన్ని మంచానికి కట్టేసి బయటికి వెళ్తుంది. కొడుకు తండ్రికి స్నానం చేయిస్తూ, ఒళ్లు రుద్దుతూ రుద్దుతూ ఆయన వీపు మీద తలపెట్టి ఏడుస్తాడు. నువ్వు కొడుకువని ఆయనకి తెలుసా అని భార్య అడిగితే, ఆయన నా తండ్రని నాకు తెలుసు అంటాడు. గొప్ప మాటే, కానీ ఫర్హాదీ ఆ మాటతో వదిలిపెట్టడు. ఆ మాట అన్న మనిషి పగలు ఉద్యోగానికి వెళ్తాడు, ఆ పగలంతా చేయాల్సింది గర్భంతో ఉన్న ఒక పేద మనిషి. ప్రేమ ఒకరిది, చాకిరీ ఇంకొకరిది అయినప్పుడు ఏమవుతుందో ఇంత సూటిగా చూపించిన సినిమాలు అరుదు.

దూరంగా ఉండి ఫోన్లో సలహాలిచ్చే తోబుట్టువు, హోమ్‌లో చేర్పిద్దామంటే "అంత బరువైపోయారా" అని అడిగేవాళ్లు, బ్యాంకు కాగితాల మీద సంతకం ఎవరు పెట్టాలన్న తగువు, వీటిలో ఏ ఒక్కటి తీసుకున్నా రెండు గంటల డ్రామాకి సరిపోతుంది. వీటన్నిటికంటే నాకు చూడాలని ఉన్నది మాత్రం చివరి ఘట్టం. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పోగొట్టుకున్న మనిషి చివరికి పోయినప్పుడు, చూసుకున్నవాళ్లకి దుఃఖం కంటే ముందు ఊరట వస్తుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపడుతుంది, పొద్దున లేచాక అలా పడుకున్నందుకు సిగ్గేస్తుంది. దాన్ని తెర మీద చూపిస్తే ఆ కూతుర్ని జనం రాక్షసి అనుకుంటారని దర్శకుల భయం కావచ్చు. అనుకోరు. అలాంటి రాత్రి గడిపినవాళ్లు ప్రతి షోలోనూ ఉంటారు, ఆ సంగతి వాళ్లింకా ఎవరికీ చెప్పుకుని ఉండరు.