నత్తికి నగర వైద్యం

హైదరాబాద్‌లో నత్తికి డబ్బు పోసి వైద్యం చేయించుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఇక్కడ ఆ వైద్యం ఉచితం. మొదటి అక్షరం దగ్గర ఆగితే చాలు, పక్క సీటు పెద్దాయనే డాక్టరు. "నిదానంగా, ఊపిరి పీల్చుకుని చెప్పు నాయనా" అంటాడు. ఊపిరి పీల్చుకోకుండా ఇన్నేళ్లు ఎలా బతికానో మాత్రం అడగడు.

చిన్నప్పుడు అమ్మమ్మ వసకొమ్ము అరగదీసి నాలుక్కి రాసింది. నూరుమంది పిల్లల్లో అయిదుగురికి నత్తి వస్తుంది, వాళ్లలో ఎక్కువమందికి దానంతటదే పోతుంది. ఆ పుణ్యమంతా వసకొమ్ము ఖాతాలో జమ. పోనివాళ్లం వస సరిగా అరగని కేసులం. మామయ్యది గ్రీకు వైద్యం. డెమోస్తనీస్ అనే పాతకాలపు గ్రీకు నోట్లో గులకరాళ్లు పెట్టుకుని, సముద్రపు హోరు ముందు మాట్లాడి మహావక్త అయ్యాడట, నన్నూ పెట్టుకోమన్నాడు. ఆయనకు సముద్రం ఉంది మామయ్యా, మనకున్నది మూసీ.

ఇక సొంత వైద్యం. 'ద' దగ్గర నా నాలుక మొరాయిస్తుంది. ఉండేదేమో దిల్‌సుఖ్‌నగర్‌లో. అందుకని కోఠిలో బస్సెక్కి, చైతన్యపురికి టికెట్ తీసుకుని, ముందే దిగిపోయేవాణ్ణి. చార్జీ ఎక్కువైతే ఆ తేడా నత్తి పన్ను. జీఎస్టీ కంటే పాతది. హోటల్లో దోశ బదులు ఇడ్లీ. పదిహేనేళ్లు. ఆఫీసువాళ్లు నాకు ఇడ్లీ అంటే ప్రాణమనుకుని నా పుట్టినరోజుకూ అదే తెప్పించారు. 2018లో మా వైపు మెట్రో వచ్చింది. మిషన్‌లో స్టేషన్ పేరు వేలితో నొక్కితే సరి. నత్తి పూర్తిగా నయమైందని ఇంట్లో ప్రకటించాను. నోరే తెరవనివాడికి నత్తెక్కడిది?

చార్లెస్ వాన్ రైపర్ అని ఒక అమెరికన్. తనకే నత్తి, దాని మీదే జీవితమంతా పనిచేశాడు. దాచడం మానేయండి, నత్తిగానే మాట్లాడండి, కాకపోతే తేలిగ్గా, అన్నాడు. కావాలని నత్తిగా మాట్లాడటం కూడా సాధనలో భాగమే. "రోగాన్నే మందుగా ఇవ్వడమేమిట్రా" అని మామయ్య నవ్వాడు. హోమియోపతి గోళీలు చప్పరిస్తూ.

మొన్న మా వీధి చివరి టిఫిన్ సెంటర్‌కి వెళ్లి, ఏ పదాన్నీ తప్పించుకోకుండా, "ద... ద... ద... దోశ" అన్నాను. ఎంతసేపు పట్టిందో నా వెనక లైను చెప్పాలి. కౌంటర్ కుర్రాడు వెంటనే అందుకున్నాడు: "ప్లెయినామసాలానాఉల్లిదోశానానెయ్యాకారమాపెసరట్టుకూడాఉందన్నా!"

ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ని... నిదానంగా చెప్పు తమ్ముడూ," అన్నాను, "ఊపిరి పీల్చుకుని."