పుర్రెలో కరణంగారు

1984 జనవరిలో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో ఆంధ్రలో ఊరి భూముల లెక్కలు రాసే కరణాలను, మునసబులను, తెలంగాణలో పటేల్, పట్వారీలను ఇంటికి పంపేసింది. ఒకరి చేను ఇంకొకరి పేరున రాసి, కాగితం మీదే గట్లు జరిపిన కలాలకు ఆ రోజుతో సిరా ఎండిపోయింది. మంచి పనే. కానీ సగంలో ఆగిందని మనవి చేసుకుంటున్నాను. మనిషికి ఒకరు చొప్పున పుర్రెలో కాపురమున్న కరణంగార్ల జోలికి ఏ ప్రభుత్వమూ పోలేదు. వాళ్లు జీతం భత్యం లేకుండా, పదవీ విరమణ లేకుండా, ఇవాళ్టికీ మన జ్ఞాపకాల లెక్కలు దిద్దుతూనే ఉన్నారు.

వాళ్లను రద్దు చేయమని అడగడానికి ఈ వ్యాసం రాయడం లేదు. దయచేసి కొనసాగించమని రాస్తున్నాను. ముందుగా నా సొంత దస్త్రం.

1983 జూన్ 25. నాకు పదకొండేళ్లు. మా ఊళ్లో రైసుమిల్లు వాళ్ల వరండా నిండా జనం. లోపల బ్లాక్ అండ్ వైట్ టీవీలో క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్. నేను డాబా మీద నిలబడి యాంటెన్నా తిప్పుతున్నాను. కింద నుంచి కేకలు: "ఇంకాస్త ఎడమకి... ఆ, ఆ... కదపకు!" మదన్‌లాల్ బంతిని రిచర్డ్స్ గాల్లోకి లేపాడు. కపిల్‌దేవ్ వెనక్కి పరిగెత్తి పట్టేశాడు. మనం కొట్టింది 183, వెస్టిండీస్ 140కి ఆలౌట్. ఈ కథ నేను పెళ్లిళ్లలో చెప్పాను, రైళ్లలో చెప్పాను, ఒకసారి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతుండగా పక్క మంచం ఆయనకు చెప్పాను. డాబా మీదున్నవాడికి లోపలి టీవీ ఎలా కనబడిందని నలభై ఏళ్లలో ఒక్కరూ అడగలేదు. న్యాయంగా నేనే అడగాల్సింది.

కిందటేడు సంక్రాంతికి అల్లుళ్ల ముందు మళ్లీ మొదలుపెట్టాను. అక్క అరిసెలు ఒత్తుతూ తల కూడా ఎత్తకుండా అంది: "ఒరేయ్, అప్పటికి మనూళ్లో టీవీ ఎక్కడేడిసిందిరా? మిల్లు వాళ్లు కొన్నది ఇందిరాగాంధీ పోయినప్పుడు కదూ. ఆ రాత్రి నాన్న రేడియో పెట్టుకుని కూచున్నాడు. నువ్వు వాళ్ల బ్యాటింగ్ మొదలవకముందే చాప మీద నోరు తెరుచుకుని పడుకున్నావు."

ఇందిరాగాంధీ పోయింది 1984 అక్టోబరు 31న. అంటే పదహారు నెలల తర్వాత రాబోయే టీవీలో నేను ముందుగానే మ్యాచ్ చూసేశానన్నమాట. కరణంగారి చేతివాటం ఇక్కడ గమనించాలి. అంత్యక్రియలు చూసిన టీవీ ఒక చెక్క. ఆదివారం సినిమా కోసం ఎక్కిన డాబా ఒక చెక్క. ఆ తర్వాత వందసార్లు చూసిన కపిల్ క్యాచ్ ఇంకో చెక్క. మూడింటినీ కలిపి ఒకే సర్వే నంబరు వేసి, నా పేరున పట్టా రాసిచ్చారు. నేను లంచం కూడా ఇవ్వలేదు.

ఈ అవమానంలో నాకు తోడు అమెరికాలో దొరికాడు. పేరు అల్రిక్ నైసర్. మనిషి ఎలా ఆలోచిస్తాడో, ఎలా గుర్తుపెట్టుకుంటాడో పరిశోధించే శాస్త్రానికి పెద్దదిక్కు. చిన్నప్పుడు రేడియోలో బేస్‌బాల్ ఆట వింటుండగా మధ్యలో ఆపి, పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులేసిన వార్త చెప్పారని ఆయన ఏళ్ల తరబడి నమ్మాడు. బాంబులు పడింది 1941 డిసెంబరు 7న. డిసెంబరు చలిలో అక్కడ ఎవరూ బేస్‌బాల్ ఆడరు. ఆ సంగతి ఆయనకు పెద్దయ్యాక ఎప్పుడో వెలిగింది. ఆయనకు మా అక్క లాంటి అక్క లేదు కాబోలు.

ఆ మంట ఆయన ఊరికే పోనివ్వలేదు. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడు పొద్దున్నే నైసర్, తన శిష్యురాలు హార్ష్‌తో కలిసి, ఈ వార్త ఎక్కడ, ఎవరి ద్వారా విన్నారో విద్యార్థుల చేత రాయించి దాచాడు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగాడు. 11 మంది చెప్పినదాంట్లో ముఖ్యమైనది ఒక్కటీ సరిపోలేదు. తప్పు చెప్పినవాళ్లలో చాలామంది గట్టి నమ్మకంతోనే చెప్పారు. వాళ్ల చేతిరాతే తీసి ముందు పెట్టినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. కొత్త అడంగల్ వచ్చాక పాతది చెల్లదు కదా.

కరణంగారు సొంతంగా ఎంత చేస్తారో, ఎదుటివాళ్లు అడిగే తీరును బట్టి అంతకు మించి చేస్తారు. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కార్ల ప్రమాదం ఫిల్ములు చూపించి, "ఎంత వేగంలో ఉన్నాయి?" అని అడిగారు. "తగిలినప్పుడు" అన్న అర్థంలో అడిగితే సగటున గంటకు 31.8 మైళ్లన్నారు. "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అంటే అదే 40 దాటింది. ఇంకో జట్టును వారం తర్వాత పిలిచి, పగిలిన అద్దాలు చూశారా అని అడిగితే, "నుజ్జు" మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్ములో అద్దం పగలనే లేదు.

ఈ ప్రయోగం మా అపార్ట్‌మెంట్‌లో నెలకోసారి ఉచితంగా జరుగుతుంది. మొన్న పార్కింగ్‌లో ఒక కారు ఇంకో కారుకి రాసుకుంది. గీత చిటికెన వేలంత. పొద్దున "కాస్త తగిలిందండీ" అన్నారు. మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపులో "గుద్దాడు" అయింది. సాయంత్రం అసోసియేషన్ మీటింగులో వాచ్‌మన్‌ని నిలబెట్టి "అంత స్పీడులో వచ్చి గుద్దుతుంటే నువ్వేం చేస్తున్నావ్?" అని అడిగారు. ఆ టైముకి పాల ప్యాకెట్ల కోసం వీధి చివర ఉన్న మనిషి, "చూస్తూనే ఉన్నా సార్, శబ్దానికి గుండె ఆగిపోయింది" అన్నాడు. అబద్ధమాడాడని నేననుకోను. వినబడే ఉంటుంది.

అభిప్రాయాల శాఖ కూడా కరణంగారిదే. 1959లో ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు కుర్రాళ్లకు పరమ విసుగు పుట్టించే పని చెప్పి, బయట కూర్చున్నవాళ్లతో అది భలే సరదాగా ఉందని చెప్పమన్నారు. ఆ అబద్ధానికి కొందరికి ఇరవై డాలర్లు, కొందరికి ఒకే ఒక్క డాలరు ఇచ్చారు. తర్వాత ఆరా తీస్తే, ఇరవై పుచ్చుకున్నవాళ్లు పని అంత సరదాగా ఏం లేదన్నారు. ఒక్క డాలరు వాళ్లేమో నిజంగానే బాగుందన్నారు. మన ఎన్నికల సభల్లో ఇదెప్పుడో తేలిపోయిన విషయం. ఐదొందలూ బిర్యానీ పొట్లమూ తీసుకుని జెండా ఊపినవాడు లారీ దిగగానే ఆ పార్టీని మర్చిపోతాడు. ఏమీ తీసుకోకుండా గొంతు చించుకున్నవాడికే కష్టం. ఊరికే ఎందుకు అరిచానన్న ప్రశ్నకు జవాబు కావాలి. కరణంగారు వెంటనే "సిద్ధాంతం" అని రాసిపెడతారు. ఆ తర్వాత బావమరిదితో మాటలుండవు.

చదువుల్లో మాత్రం ఆయన తీరు నాకు నచ్చదు. మా తమ్ముడి కొడుకు ఇంటర్. పుస్తకంలో పసుపు గీత పడని లైను లేదు. నాలుగుసార్లు తిరగేశాడు గనక అక్షరాలన్నీ తెలిసిన మొహాల్లా కనబడతాయి, కరణంగారు వాటిని "వచ్చు" ఖాతాలో జమ వేసేస్తారు. మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లకే వారం తర్వాత ఎక్కువ మిగిలిందని 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు చూపించారు. మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు మిగిలింది ధీమా. "మూసి చెప్పరా" అన్నాను మావాడితో. "అంతా వచ్చు పెదనాన్నా, డిస్టర్బ్ చేయకండి" అన్నాడు.

మొన్న పెద్దమ్మాయి సీమంతంలో మ్యాచ్ ప్రస్తావన వచ్చింది. నేను బుద్ధిగా నోరు మూసుకున్నాను. అక్క మొదలుపెట్టింది: "ఆ రాత్రి మిల్లు వాళ్లింట్లో అంతమందికీ బజ్జీలు వేసింది నేనే. వీడు డాబా దిగితేనా! పళ్లెంలో పెట్టి పైకి పంపించా."

"ఉప్పు కాస్త ఎక్కువైంది" అన్నాను.

"ఏడిశావ్, సరిగ్గానే ఉంది" అంది.